జాయన్ తూర్పు ద్వారం దగ్గర ర్యాంచ్ బస: మూడు తరాల కుటుంబానికి క్యాంపింగ్ మార్గదర్శి

అమెరికాలో ఉంటున్న తెలుగువారి ఇళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే తరచుగా మూడు తరాలు ఒకచోట చేరతాయి. ఇండియా నుండి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో ఒకవైపు, బడి సెలవుల్లో ఉన్న పిల్లలు మరోవైపు, వారం రోజుల సెలవు కోసం తంటాలు పడే ఉద్యోగస్తులు మధ్యలో ఉంటారు. వీళ్ళందరినీ ఒకే టెంటులో నేలమీద పడుకోబెడితే పెద్దవాళ్ళ నడుము మొదటి రాత్రికే పట్టేస్తుంది. అలాగని ఊళ్ళో హోటల్ గదిలో దిగితే చలిమంట, చుక్కల ఆకాశం, తెల్లవారుజామున పైన్ చెట్ల వాసన ఏవీ దక్కవు. ఈ చిక్కుకు నాకు తెలిసినంతలో చక్కటి పరిష్కారం, జాతీయ ఉద్యానవనాన్ని ఆనుకుని ఉండే ర్యాంచ్ రిసార్టులో దిగడం.

ర్యాంచ్ అంటే అమెరికా పడమటి రాష్ట్రాల్లో పశువులను, గుర్రాలను పెంచుకునే విశాలమైన సొంత భూమి. వాటిలో కొన్ని కాలక్రమంలో అతిథులకు బస ఇచ్చే రిసార్టులుగా మారాయి. టెంటు వేసుకునే జాగాలు, ఆర్‌వీ (లోపలే పడక, వంట ఏర్పాట్లు ఉండే పెద్ద బండి) నిలిపే జాగాలు, చెక్క క్యాబిన్లు, పెద్ద ఇళ్ళు అన్నీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి కాబట్టి తాతయ్యను, నానమ్మను మంచం, స్నానాలగది ఉన్న క్యాబిన్‌లో ఉంచి, నడిచి వెళ్ళేంత దూరంలో పిల్లలతో మీరు టెంటులో పడుకోవచ్చు. ఈ వ్యాసంలో యూటా రాష్ట్రంలోని జాయన్ జాతీయ ఉద్యానవనం తూర్పు ద్వారం వైపు బసను ఉదాహరణగా తీసుకుంటున్నాను. అక్కడ సుమారు 4,000 ఎకరాల్లో జాయన్ పాండెరోసా ర్యాంచ్ రిసార్టు ఉంది, ఆ చుట్టుపక్కల ఇంకొన్ని ర్యాంచ్ బసలు కూడా ఉన్నాయి. ఏది ఎంచుకున్నా కింద చెప్పిన పద్ధతి మారదు.

ముందుగా స్థలం తీరు అర్థం చేసుకోండి

1919లో జాతీయ ఉద్యానవనంగా ఏర్పడిన జాయన్‌లో ఎక్కువమంది చూసేది వర్జిన్ నది కోసుకుంటూ పోయిన లోతైన లోయనే. ఆ లోయ అడుగు సముద్రమట్టానికి సుమారు 4,000 అడుగుల ఎత్తున ఉంటుంది. ర్యాంచ్‌లు ఉన్న తూర్పు పీఠభూమి మాత్రం సుమారు 6,500 అడుగుల ఎత్తున ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేది కొండల మధ్య మెలికలు తిరిగే జాయన్ మౌంట్ కార్మెల్ రహదారి, దానిలో 1930లో పూర్తయిన 1.1 మైళ్ళ సొరంగం. పైన ర్యాంచ్ నుండి కింద లోయలోని సందర్శకుల కేంద్రానికి కారులో సుమారు ముప్పావు గంట పడుతుంది.

మీ ప్రణాళిక మొత్తం ఈ ఎత్తుల తేడా మీదే ఆధారపడుతుంది. జులైలో లోయలో మధ్యాహ్నం 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటడం మామూలే. అదే సమయంలో పైన ర్యాంచ్‌లో పది డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తక్కువ ఉంటుంది, రాత్రి అయితే ఎండాకాలంలోనూ స్వెట్టర్ వేసుకోవాలి. దక్షిణ ద్వారం దగ్గరి స్ప్రింగ్‌డేల్ ఊళ్ళో దిగితే లోయ దగ్గరవుతుంది, కానీ పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉన్నప్పుడు ఎండలో టెంటు వేసుకోవడం కంటే ముప్పావు గంట ప్రయాణమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. పైగా ఆ ప్రయాణమే ఒక సందర్శన. తూర్పు ద్వారం దాటగానే గడులు గీసినట్టు కనిపించే చెకర్‌బోర్డ్ మేసా, ఒకప్పటి ఇసుక దిబ్బలు గట్టిపడి ఏర్పడిన నవాహో ఇసుకరాయి పొరలు, సొరంగం దాటగానే ఒక్కసారిగా విచ్చుకునే లోయ, ఇవన్నీ నడవలేని పెద్దవాళ్ళకు కూడా కారు కిటికీలో నుండే దక్కుతాయి.

నెల ఎంచుకోవడం

మే రెండో సగం నుండి జూన్ మొదటి సగం దాకా, మళ్ళీ సెప్టెంబరు మధ్య నుండి అక్టోబరు మొదటి వారాల దాకా టెంటు బసకు అన్నిటికంటే అనువైన కాలం. జులై నుండి సెప్టెంబరు దాకా ఈ ప్రాంతానికి వర్షాకాలం. మధ్యాహ్నాలు ఉరుములతో కుండపోత పడుతుంది, లోయల్లో ఆకస్మిక వరదలు వస్తాయి. పిల్లల బడి కారణంగా జులైలో తప్ప కుదరని కుటుంబాలు పార్కు పని అంతా ఉదయం పదకొండు లోపే ముగించుకునేలా చూసుకోవాలి. అక్టోబరు చివరికి 6,500 అడుగుల ఎత్తున రాత్రులు గడ్డకట్టే చలికి దిగుతాయి కాబట్టి అప్పుడు టెంటు ఆలోచన మానుకుని అందరూ క్యాబిన్‌లోనే ఉండటం మంచిది.

వీలైతే అమావాస్యకు దగ్గరగా ఉండే రోజులు చూసుకోండి. జాయన్‌కు 2021లో అంతర్జాతీయ చీకటి ఆకాశ ఉద్యానవనంగా గుర్తింపు వచ్చింది. వెన్నెల లేని ఎండాకాలపు రాత్రి ర్యాంచ్ మైదానంలో నిలబడితే పాలపుంత ఈ చివరి నుండి ఆ చివరికి కనిపిస్తుంది. పల్లెల్లో పెరిగిన తాతయ్యలు సప్తర్షి మండలాన్ని, అరుంధతిని మనవలకు చూపించడానికి ఇంతకంటే మంచి చోటు అమెరికాలో తేలిగ్గా దొరకదు.

బస బుక్ చేయడం

మూడు రాత్రులు కనీసం ఉండాలి. రెండు రాత్రులే అయితే మధ్యలో మిగిలే ఒక్క రోజునూ పార్కుకే పెట్టాల్సి వస్తుంది, ర్యాంచ్‌ను చూసే తీరిక ఉండదు. కుటుంబంలో ఎవరు మంచం మీద పడుకోవాలి, ఎవరికి రాత్రి రెండుసార్లు బాత్రూముకు లేవాలి, ఎవరికి టెంటు అంటే ఉత్సాహం అన్నది ముందు తేల్చుకుని ఆ ప్రకారం ఒక క్యాబిన్, దానికి వీలైనంత దగ్గరలో ఒకటో రెండో టెంటు జాగాలు తీసుకోండి. టెంటు అసలే అలవాటు లేని వారికి ముందే మంచాలతో వేసి ఉంచిన గుడారాలు, పాతకాలపు వలస బండ్ల ఆకారంలో గుడ్డ కప్పు వేసిన వ్యాగన్లు కూడా కొన్ని ర్యాంచ్‌లలో ఉంటాయి. పిల్లలు ఆ బండిని వదిలిపెట్టరు.

డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఈ సంగతులు అడగండి: క్యాబిన్‌లో స్నానాలగది లోపలే ఉందా, బయట ఉమ్మడిదా? మెట్లు ఎన్ని? టెంటు జాగా దగ్గర నీళ్ళ కుళాయి, కరెంటు ప్లగ్గు ఉన్నాయా? ఒక జాగాలో ఎన్ని టెంట్లు, ఎంతమంది మనుషులు ఉండొచ్చు? చలిమంట గుంత ఉందా? ఈత కొలను, గుర్రపు స్వారీ బస ధరలో కలిసి ఉన్నాయా, విడిగా కట్టాలా? బుకింగ్ రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుంది? ఈ జవాబులను ఈమెయిల్‌లో కూడా రాయించుకోవడం మంచి అలవాటు. పార్కు లోపల ఉండే వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండు ఆరు నెలల ముందు బుకింగ్ తెరవగానే నిండిపోతుంది. ర్యాంచ్‌లలో అంత పోటీ ఉండదు కానీ మెమోరియల్ డే, జులై నాలుగు, లేబర్ డే వారాంతాలకు మాత్రం నెలల ముందే చూసుకోవాలి.

పార్కు రుసుము, కాగితాలు

ఒక కారుకు ఏడు రోజుల ప్రవేశ రుసుము 35 డాలర్లు. అమెరికా నివాసులకు అన్ని జాతీయ ఉద్యానవనాలకూ పనిచేసే వార్షిక పాస్ 80 డాలర్లు. అయితే 2026 జనవరి 1 నుండి వచ్చిన మార్పు ఇండియా నుండి వచ్చే తల్లిదండ్రులకు నేరుగా తగులుతుంది. అమెరికా నివాసులు కాని, 16 ఏళ్ళు నిండిన సందర్శకులకు వార్షిక పాస్ లేకపోతే, జాయన్, బ్రైస్ కాన్యన్ సహా 11 ప్రసిద్ధ పార్కుల్లో మామూలు రుసుముకు అదనంగా మనిషికి 100 డాలర్లు కట్టాలి. నివాసులు కానివారి వార్షిక పాస్ ధర 250 డాలర్లు. అమ్మానాన్న ఇద్దరితో ఒకటి కంటే ఎక్కువ పార్కులు చూడాలనుకునే కుటుంబాలు ఈ లెక్క ఇంటి దగ్గరే వేసుకుని, ఏ పాస్ కారులో ఎవరెవరికి వర్తిస్తుందో పార్కు వెబ్‌సైటులో చదువుకుని బయలుదేరాలి. ద్వారం దగ్గర వెనక కార్ల వరుస పెరుగుతుండగా ఈ చర్చ పెట్టుకోవడం ఎవరికీ బాగుండదు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు చేతికి అందేలా ఉంచుకోండి.

సామాన్లు

టెంటు మీద రాసి ఉండే సంఖ్యను నమ్మకండి. నలుగురి టెంటులో ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ, సంచులు సరిపోతాయి. నేల చలి వెన్నుకు ఎక్కకుండా ఆపేది పైన కప్పుకునే దుప్పటి కాదు, కింద వేసుకునే ప్యాడ్. గాలి ఊదే పల్చటి పరుపు ఒక్కటే వేసుకుంటే రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. దాని కింద ఫోమ్ ప్యాడో, ఇంటి నుండి తెచ్చిన జంపఖానానో పరచండి. స్లీపింగ్ బ్యాగు 30 డిగ్రీల ఫారన్‌హీట్ రకం అయితే మే నుండి సెప్టెంబరు దాకా సరిపోతుంది. ఒక్కొక్కరికి తలకు కట్టుకునే లైటు ఒకటి, ఎండకు వెడల్పు అంచు టోపీ, రాత్రికి ఉన్ని టోపీ ఉండాలి. చలికి తట్టుకోలేని పెద్దవాళ్ళకు మంకీ క్యాపును మించినది లేదు.

పెద్దవాళ్ళ బీపీ, షుగరు మందులు ప్రయాణం రోజుల కంటే మూడు రోజులకు ఎక్కువ తీసుకుని, సగం చేతిసంచిలో, సగం కారులో ఉంచండి. కారును ఎండలో వదిలేటప్పుడు ఇన్సులిన్ అందులో ఉండకూడదు, కూలర్‌లో కూడా మంచును నేరుగా తాకకూడదు. సందర్శకుల ఆరోగ్య బీమా కార్డు ఫోటో ఇంట్లో పెద్దలందరి ఫోన్లలో ఉండాలి. ఈ తూర్పు వైపుకు దగ్గరి ఆసుపత్రి కెనాబ్ ఊళ్ళోని కేన్ కౌంటీ ఆసుపత్రి. పార్కులోనూ దారిలోనూ సెల్‌ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు కాబట్టి మ్యాపులు ముందే ఫోన్లో దించుకోండి, ర్యాంచ్ చిరునామా కాగితం మీద రాసుకోండి.

దారి, సమయం

ఎక్కువ కుటుంబాలు లాస్ వేగస్‌లో విమానం దిగి కారు తీసుకుంటాయి. అక్కడే ఇండియన్ స్టోర్‌లో పెరుగు, పచ్చిమిర్చి, కరివేపాకు, చపాతీలు కొనేసుకోండి. ఆ తర్వాత సెయింట్ జార్జ్, హరికేన్ ఊళ్ళలో పెద్ద దుకాణాలు ఉన్నాయి కానీ మన సరుకులన్నీ అక్కడ దొరుకుతాయన్న భరోసా పెట్టుకోవద్దు. ఇంటర్‌స్టేట్ 15 మీద ఉత్తరంగా వెళ్ళి, హరికేన్ వైపు తొమ్మిదో నంబరు రహదారి పట్టుకుంటే స్ప్రింగ్‌డేల్ మీదుగా పార్కులోకి, సొరంగం గుండా తూర్పు ద్వారానికి చేరతారు. తూర్పు ద్వారం దాటిన రెండు మూడు మైళ్ళకు ఎడమవైపు ర్యాంచ్‌ల వైపు వెళ్ళే నార్త్ ఫోర్క్ రోడ్డు వస్తుంది. పార్కు గుండా కేవలం దాటి వెళ్ళినా ప్రవేశ రుసుము కట్టాల్సిందే.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నెవాడా కాలమానం కంటే యూటా ఒక గంట ముందుంటుంది. మధ్యలో అరిజోనా మూల కొంచెం తగులుతుంది, అక్కడ వేసవిలో గడియారం మార్చరు, కాబట్టి దారిలో ఫోన్లో సమయం ముందుకూ వెనక్కూ గెంతవచ్చు. ర్యాంచ్ ఆఫీసు మూసే వేళను యూటా కాలంలోనే లెక్కపెట్టుకుని, చీకటి పడకముందే చేరేలా బయలుదేరండి.

ఆర్‌వీ తీసుకునేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు లేదా వెడల్పు 7 అడుగుల 10 అంగుళాలు మించిన బళ్ళకు ఇదివరకు ప్రత్యేక అనుమతితో సొరంగంలోకి వదిలేవారు. 2026 జూన్ నుండి పెద్ద బళ్ళను ఆ రహదారి మీదకే రానివ్వకూడదని పార్కు నిర్ణయించింది. అటువంటి బండి ఉంటే హరికేన్ నుండి దక్షిణపు దారిన ఫ్రెడోనియా, కెనాబ్ మీదుగా మౌంట్ కార్మెల్ జంక్షన్‌కు వచ్చి, తూర్పు నుండి ర్యాంచ్ చేరాలి.

చేరిన సాయంత్రం: టెంటు వేయడం

పెద్దవాళ్ళను ముందు క్యాబిన్‌లో దింపి, కాఫీ పెట్టి ఇచ్చి, ఆ తర్వాత టెంటు పనికి దిగండి. ముందు చూడాల్సింది నేల వాలు. నీళ్ళ సీసాను నేలమీద అడ్డంగా పెడితే ఎటు దొర్లుతుందో ఆ వైపుకు కాళ్ళు వచ్చేలా పడక పరచాలి. ఎండిన వాగు గుర్తులున్న పల్లపు చోట్లు, ఎండుకొమ్మలు వేలాడే పెద్ద చెట్ల కిందలు వదిలేయండి. నేలమీద పరిచే పట్టా టెంటు అడుగు కంటే చుట్టూ రెండు అంగుళాలు చిన్నదిగా ఉండాలి. బయటికి చొచ్చుకు వస్తే వాన నీటిని అదే పట్టి మీ పడక కిందికి చేరుస్తుంది.

ఇక్కడి నేల చాలాచోట్ల ఎర్రటి ఇసుక. టెంటుతో వచ్చే సన్నటి సూదుల్లాంటి మేకులు ఇందులో నిలవవు, సాయంత్రం గాలికి ఒకటొకటిగా లేచిపోతాయి. వెడల్పాటి ఇసుక మేకులు దొరికితే కొనండి. లేకపోతే ఒక పని చేయండి: అడుగు లోతు గుంత తీసి, తాడు కట్టిన మేకును అందులో అడ్డంగా పడుకోబెట్టి, ఇసుక కప్పి కాలితో గట్టిగా తొక్కి, పైన చేతికందిన బండరాయి పెట్టండి. నాలుగు మూలలా ఇలా చేస్తే పీఠభూమి మీద వీచే ఎంత గాలికైనా టెంటు కదలదు. పిల్లలకు ఈ పని అప్పగిస్తే అరగంట సేపు వాళ్ళకు వేరే కాలక్షేపం అవసరం ఉండదు. ఆకాశం నిర్మలంగా ఉన్నా పైన వాన కప్పు బిగించి ఉంచడమే క్షేమం.

ఎంత చలి వేసినా టెంటు లోపల పొయ్యి, బొగ్గుల కుంపటి, గ్యాసు హీటరు వెలిగించకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ మాట ఇంట్లో అందరికీ, ముఖ్యంగా కుంపటి అలవాటున్న పెద్దవాళ్ళకు, నచ్చజెప్పి చెప్పండి.

చలిమంట గుంతలో మాత్రమే వేయాలి. పుల్లలు ఇంటి నుండి మోసుకురాకండి, వాటితో పాటు చెట్లను చంపే పురుగులు కూడా వస్తాయి. ర్యాంచ్‌లోనే కట్టలు అమ్ముతారు. ఎండాకాలంలో అడవి కార్చిచ్చు భయంతో తరచుగా మంటల మీద నిషేధం ఉంటుంది, కాబట్టి బసకు రాగానే ఆఫీసులో ఆ రోజు నిబంధన అడగండి. ఆర్పేటప్పుడు నీళ్ళు పోసి, కలియబెట్టి, మళ్ళీ నీళ్ళు పోసి, బూడిద పైన వెనుచేయి పెడితే చల్లగా తగలాలి.

వంట

6,500 అడుగుల ఎత్తున నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాక సుమారు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నట్టే కనిపిస్తాయి కానీ అన్నం పలుకుగా మిగులుతుంది, కందిపప్పు గంట ఉడికినా మెదగదు. అందుకే మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒకటి కారులో తప్పనిసరి. బియ్యం అరగంట, పప్పు గంట నానబెట్టి, ఇంట్లో పెట్టే దానికంటే రెండు కూతలు ఎక్కువ రానివ్వండి. బయట గాలికి మంట చెదిరి గ్యాసు వృథా అవుతుంది కనుక పొయ్యికి మూడు వైపులా అడ్డు పెట్టుకునే మడత రేకు ఉంటే మంచిది. మంటల నిషేధం ఉన్నప్పుడు కూడా ఆపు చేయగల గ్యాసు పొయ్యిని సాధారణంగా అనుమతిస్తారు, అయినా అడిగి వెలిగించండి.

మొదటి రాత్రికి వంట పెట్టుకోకండి. ఇంటి దగ్గరే కలుపుకుని వచ్చిన చింతపండు పులిహోర, చపాతీలు చాలు. పులిహోర మరునాటికి ఇంకా రుచిగా ఉంటుంది, కూలర్‌లో చోటూ అడగదు. రెండో రోజు ఉదయం ఎలాగూ తొందరగా బయలుదేరాలి కాబట్టి ఉప్మా రవ్వను నేతిలో వేయించి, తాలింపు గింజలు, జీడిపప్పు, ఎండుమిర్చి కలిపి సంచుల్లో కట్టుకుని వస్తే, మరిగే నీళ్ళలో పోసి ఐదు నిమిషాల్లో దించేయవచ్చు. మధ్యాహ్నానికి దద్దోజనం, ఆవకాయ. పెద్దవాళ్ళకు పార్కులో దొరికే చల్లటి శాండ్‌విచ్‌ల కంటే ఇదే కడుపులో హాయిగా ఉంటుంది. రాత్రికి కుక్కర్‌లో పప్పు, అన్నం, నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి, కాల్చిన మొక్కజొన్న కండెలు.

తాలింపు ఘాటు గాలికి పక్క జాగాల వాళ్ళ మీదకు పోకుండా గాలి ఎటు వీస్తుందో చూసి పొయ్యి పెట్టండి. గిన్నెలు కడిగిన నీళ్ళు చెట్టు మొదట్లో పోయకండి, మెతుకుల వాసనకు ఉడుతలు, ఎలుకలు, వాటి కోసం పాములు చేరతాయి. కడగడానికి ర్యాంచ్ చూపించిన చోటే వాడండి. తినుబండారాలు, చెత్త, పళ్ళపొడి కూడా రాత్రికి కారులో పెట్టి తాళం వేయాలి.

పార్కు రోజు

మార్చి నుండి నవంబరు దాకా లోయలోని ప్రధాన రోడ్డు మీదకు సొంత కార్లను అనుమతించరు. 2000 సంవత్సరం నుండి నడుస్తున్న ఉచిత షటిల్ బస్సులోనే వెళ్ళాలి. సందర్శకుల కేంద్రం దగ్గరి పార్కింగ్ ఎండాకాలంలో ఉదయం ఎనిమిది, తొమ్మిదికల్లా నిండిపోతుంది. కాబట్టి తెల్లవారుజామునే లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, వెలుతురు వచ్చేసరికి సొరంగం దాటేలా బయలుదేరండి. ఆ వేళ సొరంగం దగ్గర రద్దీ ఉండదు, ఇసుకరాయి గోడల మీద తొలి ఎండ పడే తీరు పగటిపూట చూడలేరు. కారులో వాంతులయ్యే పిల్లలను మలుపులు మొదలయ్యే ముందే కిటికీ పక్కకు మార్చండి.

పెద్దవాళ్ళతో అయితే షటిల్ చివరి స్టాపైన టెంపుల్ ఆఫ్ సినవావాకు నేరుగా వెళ్ళి, అక్కడి రివర్‌సైడ్ వాక్ మీద నడవండి. రానూపోనూ 2.2 మైళ్ళు, నది పక్కనే నీడలో సాగే చదునైన బాట. ఓపిక ఉన్నంత దూరం నడిచి, రాతి గోడల నుండి నీరు చెమ్మగిల్లి ఫెర్న్ మొక్కలు వేలాడే చోట కూర్చుని వెనక్కి రావచ్చు. చక్రాల కుర్చీ వాడేవారికి సందర్శకుల కేంద్రం దగ్గర మొదలయ్యే పారూస్ బాట అన్నిటికంటే సులువు. షటిల్ బస్సుల్లోకి కూడా చక్రాల కుర్చీ ఎక్కించవచ్చు. ఈలోగా మీలో ఒకరు పిల్లలను దిగువ ఎమరాల్డ్ పూల్స్ వైపు తీసుకువెళ్ళి, అందరూ జాయన్ లాడ్జ్ ముందున్న పచ్చిక మీద భోజనానికి కలుసుకోవచ్చు. పిల్లలకు సందర్శకుల కేంద్రంలో జూనియర్ రేంజర్ పుస్తకం ఇప్పించండి. అందులోని పనులు పూర్తిచేసి చూపిస్తే ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు.

ఏంజెల్స్ లాండింగ్ అనే కొండ శిఖరం ఎక్కడానికి 2022 ఏప్రిల్ నుండి లాటరీలో అనుమతి పొందాలి. గొలుసులు పట్టుకుని రెండు వైపులా లోయ ఉన్న అంచు మీద నడిచే ఆ దారి చిన్నపిల్లలున్న ప్రయాణంలో పెట్టుకోదగింది కాదు. దానికి బదులు సొరంగం తూర్పు ముఖం దగ్గర మొదలయ్యే కాన్యన్ ఓవర్‌లుక్ బాట, రానూపోనూ ఒక మైలు, తక్కువ శ్రమతో లోయ మొత్తాన్ని చూపిస్తుంది. అక్కడా కొన్నిచోట్ల అంచులు ఉన్నాయి కాబట్టి పిల్లల చేయి వదలకూడదు. పార్కింగ్ చాలా చిన్నది, తెల్లవారుజామున దిగేటప్పుడే చూసుకోవాలి.

నీళ్ళు మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే సుమారు నాలుగు లీటర్లు. పొడి గాలికి చెమట కనిపించకుండానే ఆరిపోతుంది కాబట్టి దాహం వేయలేదని పెద్దవాళ్ళు తాగడం మానేస్తారు. గంటకోసారి చేతికి గ్లాసు ఇవ్వండి, మజ్జిగ అయితే ఇంకా మంచిది. వర్జిన్ నదిలో విషపూరితమైన సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి 2020 నుండి కనిపిస్తోంది. ఆ రోజు హెచ్చరిక ఏమిటో చూసుకోండి, పిల్లలు తల ముంచడం, నీరు మింగడం జరగకుండా చూడండి.

వరద విషయంలో రాజీ పడకండి. 2015 సెప్టెంబరులో పార్కులోని కీహోల్ కాన్యన్ అనే ఇరుకు లోయలో ఒక్కసారిగా వచ్చిన వరదకు ఏడుగురు చనిపోయారు. మీ తల మీద ఎండ కాస్తున్నా ఎగువన ఎక్కడో పడిన వాన ఇరుకు లోయలో గోడలా వస్తుంది. జాతీయ వాతావరణ సంస్థ ప్రతిరోజూ ఇచ్చే వరద అంచనాలో ‘సంభవించవచ్చు’ అన్న స్థాయి నుండే నదిలో నడిచే నారోస్ వైపు కుటుంబంతో వెళ్ళడం మానేయండి. నీరు బురద రంగుకు తిరిగినా, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే ఎత్తుకు ఎక్కాలి.

ఉడుతలు ఎంత ముద్దుగా దగ్గరికి వచ్చినా గింజలు వేయనివ్వకండి. అవి కరుస్తాయి, పైగా తిండి పెట్టడం నేరం.

ర్యాంచ్ రోజు

ఈ రోజును పూర్తిగా ర్యాంచ్‌కే కేటాయించండి. ముందు రోజు తెల్లవారుజామున లేచిన పెద్దవాళ్ళకు విశ్రాంతి కావాలి, పిల్లలకు పరుగెత్తే చోటు కావాలి. గుర్రపు స్వారీకి ఉదయం మొదటి విడత మంచిది, ఎండా ఈగలూ రెండూ తక్కువ. చిన్నపిల్లలకు కనీస వయసు, పెద్దలకు బరువు పరిమితి ఉంటాయి, ముందే అడగండి. పొడవాటి ప్యాంటు, వేళ్ళు మూసే బూట్లు తప్పనిసరి. గుర్రం వెనకవైపు నుండి దగ్గరికి పోకూడదనీ, పక్క నుండి మాట వినిపిస్తూ వెళ్ళాలనీ పిల్లలకు ముందే నేర్పండి. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారిని మొహమాటానికి గుర్రం ఎక్కించకండి. కంచె దగ్గర కుర్చీ వేసి, మనవలు ఒక్కొక్కరుగా తిరిగి వస్తుంటే చూడనివ్వండి, ఆయనకు ఆ సంతోషం చాలు.

ఇంట్లో నడక అలవాటున్నవారు ఇద్దరు ముగ్గురు ఉంటే వాళ్ళు ఈ రోజు ఉదయం ఈస్ట్ మేసా బాట మీదుగా అబ్జర్వేషన్ పాయింట్‌కు వెళ్ళి రావచ్చు. రానూపోనూ సుమారు ఏడు మైళ్ళు, చాలావరకు చదునైన అడవి దారి. లోయ నుండి ఎక్కే పాత దారి 2019లో కొండరాళ్ళు పడి మూతపడటంతో ఈ తూర్పు దారికి ప్రాముఖ్యం పెరిగింది. చివరన నిలబడితే 6,500 అడుగుల ఎత్తు నుండి ఏంజెల్స్ లాండింగ్ మీకంటే కిందుగా కనిపిస్తుంది. బాట మొదలయ్యే చోటికి రోడ్డు గుంతలతో ఉంటుంది, మామూలు కారు తీసుకెళ్ళవద్దు. ర్యాంచ్ నుండి షటిల్ ఏర్పాటు చేసుకోండి. రెక్కల కింద సంఖ్యల బిళ్ళ కట్టిన పెద్ద నల్లటి పక్షి తిరుగుతుంటే అది కాలిఫోర్నియా కాండర్. ఒకప్పుడు అంతరించిపోతుందనుకున్న ఆ జాతిని కాపాడే కార్యక్రమంలో వెయ్యో పిల్ల 2019లో జాయన్ కొండల్లోనే పుట్టింది.

మధ్యాహ్నం ఈత కొలను, పెద్దవాళ్ళకు నిద్ర. సాయంత్రం చలిమంట చుట్టూ కూర్చోవడానికి ఏ కార్యక్రమమూ అవసరం లేదు, కానీ రాత్రి పది తర్వాత గొంతులు, పాటలు తగ్గించాలి. మైదానంలో శబ్దం చాలా దూరం పోతుంది. చుక్కలు చూడాలంటే ఫోన్లు లోపల పెట్టి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు ఆగండి. దారి కోసం ఎర్ర లైటు వాడండి.

బయలుదేరే ఉదయం

టెంటు మీద మంచు చెమ్మ ఉంటే ఎండ తగిలి ఆరాకే మడవండి. తడిగా మడిస్తే ఇంటికి చేరేసరికి బూజు వాసన పట్టుకుంటుంది. ఇసుకలో పాతిన మేకులు లెక్కపెట్టి తీసుకోండి, గుంతలు పూడ్చండి. అన్నం మెతుకులు, పండ్ల తొక్కలు కూడా చెత్త సంచిలోనే వేయాలి, ఈ పొడి నేలలో అవి నెలల తరబడి కుళ్ళవు. పెద్దవాళ్ళ మందుల సంచి క్యాబిన్‌లో మిగిలిపోలేదని ఒకరు ప్రత్యేకంగా చూడండి. ఇక్కడి నుండి ఎనభై తొమ్మిదో నంబరు రహదారి మీద ఉత్తరంగా వెళ్తే సుమారు గంటన్నరలో బ్రైస్ కాన్యన్ చేరవచ్చు. అక్కడి అంచు మీది వ్యూ పాయింట్లు చాలావరకు కారు దిగిన చోటి నుండి కొద్ది అడుగుల దూరమే కాబట్టి లాస్ వేగస్‌కు వెనుదిరిగే ముందు ఒక రోజు మిగిలి ఉంటే దానికి కేటాయించండి. అయితే బ్రైస్ అంచు 8,000 అడుగులు దాటిన ఎత్తు, స్వెట్టర్లు సంచి అడుగున కాక పైనే ఉంచుకోవాలి.